‘ఫార్ యి ఫే?’: స్కాట్లాండ్‌లో పదకొండు రోజులు

హనుమకొండకు తిరిగొచ్చి పది రోజులైంది. తెచ్చిన మిఠాయి ఇరుగుపొరుగుకు పంచడం అయిపోయింది, కాళ్ల వాపూ తగ్గింది. నోట్‌బుక్కు మాత్రం ఇంకా బల్ల మీదే తెరిచి ఉంది. అందులో చూసిన కోటల పేర్లు తక్కువ, విన్న మాటలు ఎక్కువ. అవి మరుపున పడకముందే రాసిపెడదామని కూర్చున్నాను.

ముందు ఒక సంగతి. స్కాట్లాండ్‌లో ఇంగ్లిష్ కాక సొంత భాషలు రెండున్నాయి. ఒకటి గేలిక్. వాయవ్యాన కొండల్లో, దీవుల్లో వినిపిస్తుంది, దానికీ ఇంగ్లిష్‌కూ దగ్గరి చుట్టరికం లేదు. రెండోది స్కాట్స్. ఇది ఇంగ్లిష్‌కు తోడబుట్టింది, ఉత్తరాన పెరిగింది. 2011 జనాభా లెక్కల్లో తొలిసారి దాని గురించి అడిగితే సుమారు 15 లక్షల మంది ‘మాకు వచ్చు’ అన్నారు. అందరూ ఒప్పుకున్న ఒకే వర్ణక్రమం దానికి లేదు. ఊరిని బట్టి పలుకు, పలుకును బట్టి రాత. నేను తిరిగింది ఈ రెండోదాని వెంట.

జూన్ 3, 2025, గ్లాస్గో

మా మేనల్లుడు ఉండేది ఎర్ర ఇసుకరాతి నాలుగంతస్తుల ఇంట్లో. వీధి తలుపు తోయగానే మెట్లు. మెట్ల వెంట గోడకు నడుమెత్తు దాకా ఆకుపచ్చ పింగాణీ పలకలు.

‘దీన్ని క్లోస్ అంటరత్తా. చివర జ కాదు, స. పలకలున్నయి గదా, వాలీ క్లోస్. వాలీ అంటే పింగాణీ’ అన్నాడు, నా సూట్‌కేసు భుజానికెత్తుకుని. నేను వచ్చిన పని వాడికి తెలుసు.

రెండో మలుపులో కింది ఇంటి పెద్దాయన ఎదురయ్యాడు, రెండు చేతుల్లో నిండు సంచులు. ‘మెసేజెస్ తెచ్చుకుంటున్నా, హెన్’ అన్నాడు. సంచుల్లో రొట్టె, పాలు, బంగాళాదుంపలు. ఇక్కడ మెసేజెస్ అంటే ఇంట్లోకి కావలసిన సామాను. హెన్ అంటే కోడి కాదు, ఆడవాళ్లను ‘అమ్మా’ అని పలకరించినట్టు. ఆ తర్వాత ‘వేర్ డి యి స్టే?’ అని అడిగాడు. లండన్ వాళ్లు ‘లివ్’ అనే చోట వీళ్లు ‘స్టే’ అంటారు. మన ఇంగ్లిష్‌లో మనమూ అదే అంటాం కదా, అందుకే కొత్తగా అనిపించలేదు. మన ఊరాయన ‘ఎక్కడుంటరమ్మా’ అన్నట్టే ఉంది.

సాయంత్రం చపాతీలు చేస్తుంటే నాలుగేళ్ల మనవరాలు పక్కన పీట మీద కూర్చుంది. చిన్న పిండిముద్ద లాక్కుని అరచేత్తో అదిమి, ‘అమ్మమ్మా, వీ చపాతీ!’ అంది. వీ అంటే చిన్న. దానికి అన్నీ వీ. వీ చెంచా, వీ కాకి. అన్నం దగ్గర ‘వీ కొంచెం పప్పు’ అని అడిగింది. కొంచెంలో కొంచెం అన్నమాట. ఆ కొలత నాకెంతో నచ్చింది.

‘వీ కాదమ్మా, లిటిల్ అను’ అంది కోడలు. దాని భయం దానిది. నర్సరీలో పిల్లల్ని ‘వెయిన్స్’ అంటారు. డబ్ల్యూ, ఇ, ఏ, ఎన్ అని రాస్తారు. ‘వీ’కీ ‘ఒకటి’ అనే అర్థమిచ్చే ‘ఎయిన్’కూ సంధి కలిసి పుట్టిన మాట. పిల్ల రేపు పెద్ద బడికి పోయి ఇదే మాట్లాడితే ఎట్లా అని కోడలి దిగులు. నేనేమీ అనలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ బడుల్లో తెలుగు చెప్పినదాన్ని. దిద్దడం నాకు చాలా బాగా తెలుసు.

రాత్రి పదింటికి కూడా కిటికీ బయట వెలుతురే.

జూన్ 5, ఎయిర్ వైపు

గ్లాస్గో నుంచి రైల్లో ఎయిర్ అనే ఊరికి, అక్కణ్నించి ఆల్లోవేకు వెళ్లాం. 1759 జనవరి 25న స్కాట్స్ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టిన ఇల్లు అక్కడుంది. తండ్రి తన చేతులతో కట్టిన గడ్డికప్పు మట్టిల్లు. సున్నం కొట్టిన తెల్లటి గోడలు, ఒకే కప్పు కింద మనుషులకూ పశువులకూ చోటు. బయటి గదిని ‘బట్’, లోపలి గదిని ‘బెన్’ అంటారు. ‘కమ్ బెన్’ అంటే లోపలికి రా అని. గడప దగ్గర తల వంచి లోపలికి అడుగు పెడితే మా అమ్మమ్మగారి ఊళ్లో నడిమి అర్ర గుర్తొచ్చింది. అదే చల్లదనం, అదే మసక వెలుతురు.

కొత్త సంవత్సరానికి ప్రపంచమంతా పాడే ఆయన పాట ‘ఆల్డ్ లాంగ్ సైన్’ పేరులో చివరి మాట ‘సైన్’. చివర స. అందరూ జైన్ అనేస్తారని అక్కడి ఉద్యోగిని ఎంత బాధగా చెప్పిందో. ఆమె కోసమైనా ఇకనుంచి సరిగ్గా పలుకుతాను.

దారి తప్పింది ఆ తర్వాతే. సముద్రం ఒడ్డున కొండ అంచు మీద ఒక కోట ఉంది. 18వ శతాబ్దం చివర్లో రాబర్ట్ ఆడమ్ గీసిన నమూనాతో కట్టింది. పేరు సి, యు, ఎల్, జెడ్, ఇ, ఏ, ఎన్. బస్‌స్టాండ్‌లో నేను ‘కల్జీన్’ అన్నాను, మేనల్లుడు ‘కల్జియన్’ అన్నాడు. ఆ గోలలో ఎవరికీ అర్థం కాక, తీరం వెంట పోయే బస్సుకు బదులు లోపలి దారిన పోయే బస్సెక్కి మేబోల్‌లో దిగాం. అక్కడ దుకాణం ముందు నిలబడ్డ ఒక పెద్దావిడకు కాగితం చూపించాను. ‘ఓ, కల్లేన్!’ అంది. జెడ్ మాయం. టాక్సీకి 13 పౌండ్లు పెట్టాం, అంటే పదిహేను వందల రూపాయలు. ఆ ఒక్క అక్షరం ఖరీదు అది.

ఆ డబ్బు దండగ అనుకోను. ఎందుకంటే ఆ జెడ్ కథ టాక్సీ నడిపినాయనే మొదలుపెట్టాడు, మిగతాది నేను తర్వాత చదువుకున్నాను. పాత స్కాట్స్‌లో ‘యోఖ్’ అనే అక్షరం ఉండేది. అంకె 3కు తోక పెట్టినట్టుంటుంది. దాని పలుకు ‘య’కు దగ్గర. అచ్చు వచ్చాక ముద్రాపకుల దగ్గర ఆ అచ్చు లేదు. చూడ్డానికి దగ్గరగా ఉందని జెడ్ పెట్టేశారు. రాత అట్లా నిలిచిపోయింది, నోరు మాత్రం మారలేదు. అందుకే ఎం, ఇ, ఎన్, జెడ్, ఐ, ఇ, ఎస్ అని రాసి ‘మింగిస్’ అంటారు. డి, ఏ, ఎల్, జెడ్, ఐ, ఇ, ఎల్ అని రాసి ‘డీయెల్’ అంటారు.

కొన్నిచోట్ల నోరే ఓడిపోయింది. మెకంజీ అనే పేరులోని జెడ్ కూడా ఆ యోఖే. మూలం గేలిక్ పేరు, స్కాట్స్ రాతలో యోఖ్‌తో ఉండేది. ఒకప్పుడు ‘మకింగీ’ అని పలికేవాళ్లు. ఇప్పుడు అక్కడా జకారమే. మన ఊళ్ల కైఫీయత్తులు రాయించిన కాలిన్ మెకంజీ లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో 1754లో పుట్టినవాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయన కోసం ఊరూరా తిరిగి గ్రామ చరిత్రలు సేకరించారు. వాళ్లు ఆయన పేరును ఏమని పలికేవారో అని టాక్సీలో కూర్చుని ఆలోచించాను.

మనకూ ఇట్లాంటిదే జరిగింది. ‘చలి’లో చ వేరు, ‘చిలక’లో చ వేరు. పాత నిఘంటువుల్లో ఆ తేడాకు అక్షరం మీద గుర్తుండేది. అచ్చులో అది పోయింది, నోట్లో ఇంకా ఉంది. ఎంతకాలం ఉంటుందో మన పిల్లల చేతుల్లో ఉంది.

జూన్ 7, ఎడిన్‌బరా

ఉన్న ఊరివాళ్లు ‘ఎంబ్రా’ అంటారు. సిటీ బస్సుల్లో డబ్బులిస్తే చిల్లర తిరిగివ్వరు. అది తెలియక ఐదు పౌండ్ల నోటు పెట్టెలో పడేశాం.

కోట నుంచి కిందికి దిగే పెద్ద వీధికి అటూ ఇటూ సందులు. ఇక్కడా క్లోస్ అనే అంటారు, కానీ అర్థం మారింది. గ్లాస్గోలో ఇంటి మెట్లదారి, ఇక్కడ భవనాల మధ్య ఇరుకు సందు. కాస్త వెడల్పైతే ‘వైండ్’. లేడీ స్టెయిర్స్ క్లోస్‌లోకి దూరితే ‘మాకర్స్ కోర్ట్’ వస్తుంది. స్కాట్స్‌లో మాకర్ అంటే కవి. నేల పలకల మీద వాళ్ల పంక్తులు చెక్కారు. 14వ శతాబ్దపు జాన్ బార్బర్ స్వేచ్ఛ గొప్పదన్న పంక్తి ఉంది. తడిరాయి మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాను. టికెట్టు లేదు, తోపులాట లేదు.

వాన సరిగ్గా పడదు, ఆగదు. ఇంత సన్న తుంపరకు ‘స్మిర్’ అని పేరు. రోజంతా మూసుకుపోయి, తడిగా, దిగులుగా ఉంటే ‘డ్రీఖ్’. మనం ముసురు అనేదే. చివరి ధ్వని మన తెలుగు ఖ కాదు. హైదరాబాదు పాతబస్తీలో ‘ఖుదా హాఫిజ్’ అనేటప్పుడు గొంతు దగ్గర గీరుకుంటూ వస్తుందే, అది. ‘లాఖ్’ అంటే సరస్సు, అందులోనూ అదే. నేను పలికితే కాఫీ హోటలు అబ్బాయి ఆశ్చర్యంగా చూశాడు, ఇంగ్లండు నుంచి వచ్చేవాళ్లు ‘లాక్’ అనేసి పోతారట.

టాబ్లెట్ అనే మిఠాయి కొన్నాను. చక్కెర, వెన్న, చిక్కటి తీపి పాలు కలిపి కాచి ముక్కలు కోస్తారు. పాలకోవకు చక్కెర పాళ్లు పెంచినట్టుంది. రెండు ముక్కలకే నాలుక మొద్దుబారుతుంది.

ఆ ఊళ్లో నేను తలచుకున్నది మాత్రం నిఘంటువులు చేసినవాళ్లను. జాన్ జేమిసన్ 1808లో స్కాట్స్ నిఘంటువు తెచ్చాడు. తర్వాత పది సంపుటాల జాతీయ నిఘంటువు 1931లో మొదలై 1976కు పూర్తయింది. నలభై ఐదేళ్లు! మొదలుపెట్టిన విలియం గ్రాంట్ చివరిదాకా బతకలేదు, డేవిడ్ మ్యూరిసన్ ముగించాడు. ఒక్కో మాట కింద అన్ని ఊళ్ల రాతలూ పెడతారు. ‘మంచి’ అనే మాట గ్లాస్గోలో ‘గిడ్’, అబర్దీన్‌లో ‘గ్వీడ్’, పుస్తకాల్లో జి, యు, ఐ, డి. 18వ శతాబ్దం నుంచి ఇంగ్లిష్‌లో ఉండే అక్షరం తమకు లేని ప్రతిచోటా లోపం ఉన్నట్టు ఒక కామా పైన వేలాడదీసేవాళ్లు. 1947లో ఎడిన్‌బరా కవులు కొందరు కూర్చుని, ఇది లోపం కాదు, ఆ గుర్తు అక్కర్లేదని తీర్మానించుకున్నారు. నేను తిరిగొచ్చాక 2025 జూన్‌లోనే అక్కడి పార్లమెంటు గేలిక్‌కూ స్కాట్స్‌కూ అధికార హోదా ఇచ్చే బిల్లు ఆమోదించింది. మేనల్లుడు ఫోన్‌లో చెబితే నాకు కళ్లు చెమర్చాయి.

జూన్ 10, అబర్దీన్

ముందురోజు సాయంత్రం ఊరు చేరేసరికి ఎండలో బూడిదరంగు రాతి ఇళ్లన్నీ మిలమిల మెరిశాయి. తెల్లవారి చూస్తే ఎదుటి ఇల్లు లేదు. సముద్రం మీంచి వచ్చిన మంచు. దాన్ని ‘హార్’ అంటారు. ఏడింటికే ఆ తెలుపులో తడుముకుంటూ వీధి చివరి బేకరీకి వెళ్లాం.

గల్లా వెనక అరవై దాటిన ఆవిడ, మోచేతుల దాకా పిండి. నన్ను చూసి ‘ఫార్ యి ఫే?’ అంది.

నాకు ‘ఫార్’ ఒక్కటే వినిపించింది. ‘అవునమ్మా, చాలా దూరం. ఇండియా’ అన్నాను.

ఆవిడ గట్టిగా నవ్వి ‘దూరమే మరి’ అని, తను అడిగింది ‘ఎక్కడి నుంచి’ అని చెప్పింది. ఈ ఈశాన్యపు స్కాట్స్‌ను డోరిక్ అంటారు. ఇంగ్లిష్ ప్రశ్నల మొదటి ధ్వని ఇక్కడ ఫ అవుతుంది. ఏమిటి అంటే ఫిట్, ఎక్కడ అంటే ఫార్, ఎప్పుడు అంటే ఫాన్, ఎవరు అంటే ఫా, ఎట్లా అంటే ఫూ. ‘ఫిట్ లైక్?’ అంటే ఎట్లున్నరు. ‘ఫూస్ యెర్ డూస్?’ అనీ అడుగుతారు. అంటే మీ పావురాలెట్లున్నయి. ‘ఎయ్ పెకిన్’, ఎప్పుడూ గింజలేరుకుంటూనే ఉన్నయి అని జవాబు. ఈ ‘ఎయ్’కు అర్థం ఎప్పుడూ. అవును అనే ‘ఆయ్’ వేరు. రాత తరచూ ఒకటే, పలుకు రెండు.

రోవీ అనే రొట్టె ఒక్కోటి పౌండు లోపే. చదునుగా, పొరలు పొరలుగా, ఉప్పుప్పగా ఉంటుంది. సముద్రం మీదికి పోయే జాలర్లకు నాలుగు రోజులు నిలవ ఉండాలని చేసేవారని చెబుతారు. నేను చేయి చాపేలోపే ఆవిడ ‘ఇందులో పంది కొవ్వు ఉంటుంది, మీరు తింటారా?’ అని అడిగింది. తిననన్నాను. నాకు అది అమ్మకుండా, నూనెతో చేసేవి ఇంకో వీధిలో దొరుకుతాయని దారి చెప్పింది. మేనల్లుణ్ని చూపించి ‘మరి ఈ లూన్ తింటాడా?’ అంది. లూన్ అంటే పోరడు, క్వైన్ అంటే పోరి. ఇంత సరిగ్గా అతికే జంట నాకు ఎక్కడా దొరకలేదు. ముప్ఫై నాలుగేళ్ల పోరడు రెండు తిన్నాడు.

జనం పల్చగా ఉన్నారు. నోట్‌బుక్కు తీసి దుమ్మును ఏమంటారని అడిగాను. ‘స్టూర్’ అంది. మా దగ్గర దుబ్బ అంటామన్నాను. రాసిమ్మంటే ఎస్, టి, ఓ, ఓ, ఆర్ అని రాసి, ఆగి, పక్కనే ఓ బదులు యు పెట్టి ఇంకోసారి రాసింది.

‘ఏది సరైంది?’

‘రెండూ. నీ నోటికి ఏది పడితే అది.’

వేసారిపోవడాన్ని ‘స్కన్నర్డ్’ అంటారంది. నేను యాష్ట అని చెప్పాను. ‘యాష్ట, యాష్ట’ అని రెండుసార్లు అనుకుంది. చంక ‘ఆక్స్‌టర్’, ముచ్చట ‘బ్లెదర్’. నాకెరుక లేదు అనడానికి ‘ఐ డిన్నా కెన్’. కెన్ అంటే ఎరుక.

అప్పుడే చెప్పింది, తను బడికి పోయే రోజుల్లో ‘ఫిట్’ అంటే టీచరు చేయి చాపమనేదట. తోలు పట్టా చివర చీలికలుంటాయి, ‘టాజ్’ అంటారు. ఆవిడ కుడి అరచేయి తిప్పి, పిండి అంటిన ఎడమ వేలితో మణికట్టు దగ్గర గీత గీసి చూపించింది. తెల్లటి గీత పడింది. ‘ఇక్కడిదాకా తేలేది’ అంది. ఇంటికి పోయి ‘వాట్’ అంటే నానమ్మకు కోపం, పెద్ద మనుషుల భాష నీకెందుకని. 1987లో చట్టం అమల్లోకి వచ్చి ప్రభుత్వ బడుల్లో ఆ దెబ్బలు ఆగాయి. అప్పటికి ఆవిడ బడి వదిలి చాలా ఏళ్లు.

నేను ఎవరినీ కొట్టలేదు. కానీ ఒక పిల్లవాడు తొమ్మిదో తరగతి వ్యాసంలో ‘మా అవ్వకు అన్నీ ఎరుకే’ అని రాశాడు. ఎర్ర సిరాతో ‘ఎరుక’ కొట్టేసి ‘తెలుసు’ అని రాసి, అర మార్కు తగ్గించాను. కాళోజీ నడిచిన ఊళ్లో ఉంటూ, ఏటా ఆ మహానుభావుడికి దండ వేస్తూ చేసిన పని అది. ఆ వాక్యంలో అవ్వ ఉంది, అవ్వ మాట ఉంది, నేను ఆ మాట తీసేశాను. ఆ పిల్లవాడి ముఖం నాకింకా గుర్తుంది. బేకరీ ఆవిడకు ఈ సంగతి చెప్పాను. ఆవిడ ఏమీ అనకుండా టీ పోసిచ్చింది, డబ్బులు తీసుకోలేదు.

జూన్ 11, కలెన్

కోట పేరు కల్లేన్, ఈ ఊరి పేరు కలెన్. పలుకు దగ్గర, రాత వేరు. బస్సులో రెండు గంటలు దాటింది, దారంతా బార్లీ చేలు, ఆవులు. ఇక్కడ ఆవు ‘కూ’, ఇల్లు ‘హూస్’, ఎలుక ‘మూస్’, కిందికి ‘డూన్’. ఒకప్పుడు ఇంగ్లిష్‌లోనూ ఇదే పలుకు. దక్షిణాన ఆ ‘ఊ’ ధ్వని మారింది, వీళ్లు పాతదే ఉంచుకున్నారు. తప్పుగా పలుకుతున్నారని నవ్వేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

ఒడ్డున జాలరి ఇళ్లు సముద్రానికి పక్క చూపించి నిలబడి ఉంటాయి, గాలి ముఖాన కొట్టకుండా. ఈ తీరంలోని జాలరి పల్లెల్లో ఊరంతా రెండు మూడు ఇంటిపేర్లే. అదే పేరు, అదే ఇంటిపేరు ఉన్న మనుషులు పది మంది. అందుకని ‘టీ నేమ్’ అని ఇంకో పేరు తగిలించేవారు. మన పల్లెల్లో బక్క, పొట్టి అని ముందు చేర్చి గుర్తుపట్టినట్టే.

కలెన్ స్కింక్ అనే పులుసు తాగాను, తొమ్మిది పౌండ్లు. పొగబెట్టిన హాడక్ చేప, బంగాళాదుంప, ఉల్లి, పాలు. స్కింక్ అంటే అసలు ఎద్దు కాలి ఎముకతో కాచే చారు. ఇక్కడివాళ్లు చేపతో కాచారు, పేరు అట్లాగే ఉండిపోయింది. పాలల్లో చేప అంటే మొదట మనసొప్పలేదు. మొదటి చెంచాకు పొగ వాసన, తర్వాత వెన్నలాంటి తీపి, అడుగున మిరియం ఘాటు. గిన్నె ఖాళీ అయ్యింది. వడ్డించిన అమ్మాయి ‘గ్వీడ్?’ అంది. ‘గ్వీడ్’ అన్నాను.

జూన్ 13, గ్లాస్గో

పొద్దున టాక్సీ వచ్చింది. క్లోస్ మెట్ల మీద మనవరాలు నా కొంగు పట్టుకుని దిగింది. బయట డ్రీఖ్.

‘ఇది మీ నానమ్మా?’ అని టాక్సీ అతను అడిగితే ‘ఆయ్’ అంది. వరస సరిచేయలేదు. ‘స్వెటర్ వేసుకున్నవా?’ అని కోడలు పైనుంచి కేకేస్తే ‘యెస్, అమ్మా’ అంది.

నేను వంగి, మళ్లీ వస్తే వీ చపాతీ చేసి పెడతావా అని అడిగాను.

‘ఊఁ’ అంది.